నీళ్ల ట్యాంకుకి కాపలా

మాజీ సైనికుల క్లినిక్‌లో డాక్టరమ్మ గది. బల్లకు ఇవతల రిటైరైన సుబేదారు, ఆయన భార్య.

"గ్యాసు బండ జరపమంటే ఈయనకి నడుం నొప్పి డాక్టరమ్మా. డాబా మీద నీళ్ల ట్యాంకుకి కాపలా కాయడానికి మాత్రం రోజూ మూడంతస్తులు ఎక్కేస్తారు."

"ట్యాంకుకి కాపలా ఎందుకమ్మా?"

"శత్రువులు విషం కలుపుతారట."

"అలా అనలేదు. ముందుజాగ్రత్త అన్నాను."

"నేనూ నమ్మాను. మిలటరీ బుద్ధి ఎక్కడికి పోతుందిలే అని అపార్ట్‌మెంటంతా గొప్పగా చెప్పుకున్నాను. వాళ్లు మురిసిపోయి ఓ విజిలు కూడా కొనిచ్చారు."

"మరి సంగతెలా బయటపడింది?"

"ట్యాంకు పొంగి మెట్ల మీద వరద పారింది. పైకెళ్లి చూద్దును కదా, ఈయన పక్కనే కూచుని ఫోన్లో పేకాడుతున్నారు. చెప్పులు కొట్టుకుపోయినా తెలియలేదు!"

"ఒక చెప్పే."

"డబ్బు పెట్టి ఆడుతున్నారా సార్?"

"ఆట అనకండి మేడమ్. బుర్రకి పదును."

"ఓడిపోతే ఆపేస్తారా?"

"ఓడిపోవడమేమిటి? కాస్త వెనక్కి తగ్గి మళ్లీ దాడి చేస్తాం."

"ఆ దాడిలోనే పోయిన నెల పెన్షను వీరమరణం పొందింది."

"నువ్వు కాస్త ఊరుకో."

"ఊరుకోను. ఫోను లాక్కుంటే ఈయన మనిషి కాదు డాక్టరమ్మా. గోడ గడియారం మీద అరుస్తారు."

"అది తప్పు టైము చూపిస్తోంది!"

"సార్, మీకు మీరుగా ఒప్పుకుంటేనే నేనేమైనా చెయ్యగలను."

"ఒప్పుకోడానికి ఏముందనీ?"

"చూశారా! ఇవాళ ఒప్పుకోకపోతే నేను మా చెల్లెలింటికి పోతాను. ట్యాంకూ ఈయనా ఒకరికొకరు కాపలా కాసుకోనీ."

"సర్వీసులో ఉన్నప్పుడు కూడా పందేలు కాసేవారా సార్?"

"అందరం కాసేవాళ్లం. ట్రక్కు స్టార్టవుతుందా అవదా, వంటవాడు ఉప్పు మర్చిపోతాడా లేదా. టీ కప్పు పందెం. అక్కడ గుండె రోజూ దడదడలాడేది మేడమ్. ఇంటికొచ్చాక దడ పుట్టించేది ఏముంది, కుక్కరు తప్ప?"

"దాన్నీ వదల్లేదుగా! ఎన్నో కూతకి నేను పరిగెడతానో అని కాశారు."

"సరదాకి!"

"ఎవరితో సార్?"

"మా పటాలం వాళ్లతో. ఫోన్లో గ్రూపుంది. అంతా రిటైరైనవాళ్లే. ఏవో చిన్న చిన్నవి."

"ఇంకా ఏమేం కాశారు?"

"అవన్నీ ఇప్పుడెందుకు?"

"చెప్పండి సార్."

"అదే... ఈవిడ రోజూ పైకి టీ తెచ్చేదిగా. మోకాళ్ల నొప్పులాయె. ఏ అంతస్తులో ఆగుతుందా అని..."

"ఏమిటీ? నా మోకాళ్ల మీద పందెమా?"

"పైనుంచి మెట్లు కనిపిస్తాయి. రెండో అంతస్తులో ఆగుతావని కాసేవాణ్ని. ఒక్కనాడూ ఆగలేదు నువ్వు! ఎందుకాగవు?"

"టీ చల్లారిపోతుందని."

"నొప్పిగా ఉంటే ఆగాలిగా మరి."

"మీరు ఎండలో కాపలా కాస్తున్నారనుకున్నానండీ."

"సార్, ఏమైనా అంటారా?"

"ఒక్క నిమిషం మేడమ్. బయట కూచున్న మీ కాంపౌండరూ మాజీ సైనికుడే కదూ?"

"అవును. అయితే?"

"లోపలికొచ్చే ముందు అతనితో... ఈ గదిలో నా చేత తప్పు ఒప్పించడం ఎవరి తరమూ కాదని పందెం కాశాను."

"ఏమండీ! ఇక్కడ కూడానా!"

"అందుకే ఇంతసేపూ బిగబట్టుకు కూచున్నా. పిలవండి మేడమ్ అతన్ని, వినాలి."

"ఏం వినాలి సార్?"

"పందెం పోతుందని తెలిసే అంటున్నాను. తప్పు నాదే."