రత్తమ్మ సీసాకి పెట్టిన పేర్లు

మిల్లెటిఫైనా? అదేంటమ్మా ఉషా, మందా, యాపా? నువ్వు అమ్మబోయే జొన్నలడ్డూలకి పేరా! సర్లే, ఆ ఫోను పక్కనపెట్టి కూర్చో. నీకు రత్తమ్మ తెలీదు కదూ? ఎలా తెలుస్తుందిలే, పోయి తొమ్మిదేళ్ళు దాటింది. గిలకలదిండి మనిషి. వాళ్ళది సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. మొగుడు నాగులు పోయాక చల్లపల్లి వచ్చి, మా భోజనం హోటల్ వెనక వీధిలో పొయ్యి పెట్టుకుని రొయ్యల పచ్చడి పట్టేది. అబ్బ, ఆ పచ్చడి! వేడన్నంలో కలిపితే మా హోటల్లో కూర అడిగేవాడే లేడు. లేబుల్ లేదు, పాడు లేదు. పాత సీసాలు కడిగి ఎండబెట్టి నింపేది. జనం "రత్తమ్మది ఉందా?" అనేవాళ్ళు, అంతే. గొంతంటావా, మైకక్కర్లేదు. "అన్నయ్యా, ఉప్పు సరిపోయిందా? మొహమాటం లేకుండా చెప్పు" అనేది. తక్కువైందని చెప్పానో, రెండ్రోజులు మాటల్లేవు! ఏం చెబుతున్నానూ... ఆఁ, పేరు. కొడుకు గణేష్ బీకామ్ చదివి బెజవాడలో, బెంజ్ సర్కిల్ దగ్గర ఈ పచ్చడి అమ్మడానికి షాపు పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోక జయకృష్ణ అనే కుర్రాణ్ణి పట్టుకొచ్చాడు, పేర్లు పెట్టడమే వాడి ఉద్యోగం. "ఆంటీ, రత్తమ్మ అంటే మరీ లోకల్ అయిపోతుందండీ. ఇంటర్నేషనల్‌గా ఉండాలి. పేరులో జడ్ ఉంటే యూత్ కనెక్టవుతారు" అన్నాడు. ఏం పెట్టాడో తెలుసా? ప్రాంజో! రొయ్యని ఇంగ్లీషులో ప్రాన్ అంటారుగా, దానికి జో తగిలించాడు. వెండిరంగు లేబుల్ మీద తోక తిప్పిన అక్షరాలు. ఒకావిడ సీసా ఎత్తి చూసి, "బాబూ, ఇది తలకా, ఒంటికా?" అందిట. ఇంకొకాయన అక్వేరియంలో చేపలకి మేతనుకుని కొనుక్కెళ్ళి, మర్నాడు పొద్దున్నే తిట్టుకుంటూ వచ్చాడు. చేపలేమయ్యాయని అడక్కు.

ఏడాది తిరక్కుండా గాలి మారింది. ఎక్కడ చూసినా అమ్మమ్మగారి కారప్పొడి, నాయనమ్మ నూనె, పెద్దత్త నెయ్యి. చుట్టరికం లేని సీసా లేదనుకో. జయకృష్ణ మళ్ళీ పరుగెత్తుకొచ్చాడు, "నోస్టాల్జియా సార్! బామ్మగారి రొయ్యల పచ్చడి!" అంటూ. ఫోటో తీస్తారన్నారని రత్తమ్మ పండగ చీర కట్టుకుని, తలకి నూనె రాసి దువ్వుకుని, నన్ను తోడు తీసుకుని బస్సెక్కింది. తీరా స్టూడియోకి వెళ్తే, కుర్చీలో వేరే ఆవిడ కూర్చుంది! పట్టుచీర, తెల్లటి ముడి, బంగారు ఫ్రేము కళ్ళజోడు. "మీరు అథెంటిక్కేనండీ, కానీ కస్టమర్ మనసులో బామ్మ ఇలా ఉంటుంది" అన్నాడు జయకృష్ణ. రత్తమ్మ ఆవిడ దగ్గరికెళ్ళి, "రొయ్యలు తింటావామ్మా?" అని అడిగింది. "రామ రామ, మేం ముట్టుకోమండీ" అందావిడ, పాపం. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. రత్తమ్మ నవ్వలేదు. తిరుగు బస్సులో ఉయ్యూరు దాటేదాకా కిటికీలోంచి మొహం తిప్పలేదు. తర్వాత అడిగింది, "నా మొహం అంత అసయ్యంగా ఉంటుందా అన్నయ్యా?" అని. నేను బస్సు టిక్కెట్లు తీసి చూసుకుంటూ కూర్చున్నానమ్మా.

మర్నాడు పొయ్యి వెలగలేదు. గణేష్ ఫోను మీద ఫోను, "ఆర్డర్లున్నాయమ్మా!" అని. "ఆ ఫోటో ఆవిడ చేత పట్టించుకో" అని పెట్టేసింది. వాడు ఎవరి చేతో పట్టించి బామ్మగారి సీసాల్లో పోశాడు. కొన్నవాళ్ళు తిరిగొచ్చి, "బామ్మగారికి ఒంట్లో బాలేదా అండీ, రుచి మారింది?" అని పరామర్శలు! నెల తిరక్కుండా గణేష్ వ్యానులో సీసాలన్నీ వేసుకొచ్చి, తల్లి గుమ్మం ముందు కూర్చుని, తొట్టిలో ముంచి గోళ్ళతో లేబుళ్ళు గీకడం మొదలెట్టాడు. ఆవిడ లోపల్నుంచి చూస్తూనే ఉంది. వాడి వేళ్ళు ఎర్రబడ్డాక, "నీళ్ళల్లో సబ్బు వెయ్యరా, తొందరగా ఊడతాయి" అంది. ఆ సాయంత్రమే పొయ్యి వెలిగింది. అప్పట్నుంచి పోయేదాకా ఉత్త సీసాలే అమ్మించింది, ఎవరేమన్నా సరే.

మొన్నీమధ్య గణేష్ బుద్ధి తెచ్చుకుని, పాత ఫోనులోంచి ఆవిడ ఫోటో తీసి లేబుల్ వేయించాడు. పొయ్యి ముందు జుట్టు రేగిపోయి, నుదుటి మీద చెమట. కింద రత్తమ్మ అని పేరు. చూడాలని పనిగట్టుకుని వాడి షాపుకి వెళ్ళాను. నేనక్కడుండగానే ఎవరో కొత్త జంట సీసా ఎత్తారు. ఆ పిల్ల అంటుంది కదా, "పేరు భలే కనిపెట్టారండీ, అచ్చం పాతకాలంలా! ఈ ముసలామెని కంప్యూటర్లో చేసుంటారు. చూడండి, చెమట కూడా పెట్టారు" అని. నేను పక్కనే ఉన్నాను. చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా, కానీ చెబితే అదీ షాపువాళ్ళ ప్రచారమే అనుకుంటారని, ఓ సీసా కొనుక్కుని వచ్చేశాను... ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా.