బావది దూరం జరిగే రకం

అయిజ దగ్గర విత్తన పత్తి చేను. ఉదయం తొమ్మిది గంటలు. ఆమె మగపువ్వు తెంపి ఆడపువ్వులకు పుప్పొడి రుద్దుతోంది. అక్క చనిపోయి మూడు నెలలైంది. బావ వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

“మన పెండ్లికి మీ అమ్మ ఒప్పుకుంది. ఇంక నీ మాటే కావాలె.”

“ఒప్పుకున్న మా అమ్మనే చేసుకో బావా.”

“నవ్వులాట గాదు. వనపర్తిల వ్యక్తిత్వ వికాసం క్లాసుకు పోయిన. మనుషులల్ల భయంతోని వెంటపడేటోళ్లు, దూరం జరిగేటోళ్లు అని రకాలుంటరంట. నేను దూరం జరిగే రకం.”

“గది తెలుసుకోనీకె క్లాసుకు పోవాల్నా? అక్కనడిగితె చెప్పకపోవునా?”

“నా తప్పు గాదు. చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఎత్తుకోలేదంట.”

“పాపం! అందుకేనా, అక్క మంచం పట్టినంక దవాఖాన గడప తొక్కలేదు?”

“ఎవరన్న ఏడిస్తె నాకు ఊపిరాడదు. మంచి తోడు దొరికితె మారుతనంట, ఎదుగుతనంట. సారు చెప్పిండు.”

“నలభై ఎనిమిదేండ్లకు ఎదుగుతవా? అక్క పద్దెనిమిదేండ్లు నీళ్లు పోసింది. ఒక్క చిగురు ఎయ్యలే.”

“అక్కది వెంటపడే రకం. అందుకే కుదర్లే.”

“అవును. ఫోన్ చేసి చేసి, నువ్వు ఎత్తకపోతె తలుపు దిక్కే చూసుకుంట పోయింది.”

“నీకు గట్ల కానియ్య. ఇంతకు నీది ఏ రకం?”

“నాదా? ఇరవై రెండు దినాలు దవాఖానల అక్క మంచం కింద పండుకున్న రకం. జరుగు బావా, పొద్దెక్కితె పువ్వు పనికిరాదు.”