నాన్న ఒప్పుకున్న దెబ్బ

మీరు కూడా మెచ్చుకోకండి కృపావతిగారూ, మీకు పుణ్యముంటుంది. నాలుగు రోజులబట్టి అందరూ అదే పని. ఫోనెత్తడం ఆలస్యం, "బాగా ఏడిపించేసేరు సార్, తండ్రీకొడుకులంటే అలా ఉండాలి సార్" అంటారు. ఏడిపించడం కూడా ఓ గొప్పేనా అండీ?

కూర్చోండి. ఫ్యానెయ్యమంటారా? బస్సులో నిలబడే వచ్చినట్టున్నారు, ఆ చెమటా అదీ.

ఇవాళ మీ చేత మాట్లాడించనండి. ఇన్నాళ్ళూ మీరు రాజోల్నుంచి అమలాపురం వచ్చి ఆ కుర్చీలో కూర్చుని చెప్పేరు, నేను విన్నాను. ఇవాళ నేను చెబుతాను. మీరు ఏమీ అనక్కర్లేదు. అనాలనిపిస్తే చివర్న అనండి.

ఆ కాలేజీ వీడియో మీరింకా చూళ్ళేదా? వినడమేనా? పోన్లెండి. నా నోటితో వింటేనే మంచిది.

మీరు నన్ను మొదట చూసింది టీచర్ల శిక్షణలో కదండీ. ఆ రోజు స్టేజీ మీద నేనేం చెప్పేనో మీకు బాగా గుర్తుంది. పడవ నడిపే ముసలయ్య అనే ఆయన రోజూ తాగొచ్చి కొడుకుని తెడ్డుతో కొట్టేవాడు. ఆ కొడుకుని నేనే. ఇదిగో, కనుబొమ్మ మీద మచ్చ. పెద్దయ్యాక ఆ తండ్రిని క్షమించేను, అప్పుడే నేనెవరో నాకు తెలిసింది. ఇదీ కథ. హాలంతా ముక్కులు చీదుకున్నారు. అయిపోయాక అందరూ సెల్ఫీలకి ఎగబడ్డారు. మీరు మాత్రం కుర్చీలు సర్దేదాకా ఆగి, నా దగ్గరికొచ్చి, "మా నాన్న కూడా" అని అక్కడితో ఆపేసేరు.

ఆ మాట అంతవరకు మీరు ఎవరితోనూ అనలేదు. మీ నాన్న ఇశ్రాయేలుగారంటే సంఘంలో పెద్దమనిషనీ, గుండెపోటుతో పోయేరనీ ఊరందరికీ చెప్పుకొచ్చేరు. కట్టుకున్నాయనకి కూడా అదే చెప్పేరు. కల్లుపాక దగ్గర్నుంచి ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చిన పిల్ల మీరేనని ఎవరికీ తెలీదు. బళ్ళో హెడ్మిస్ట్రెస్‌గా మీరు ఎందుకంత బిగుసుకుపోయి ఉంటారో, ఎవరైనా గట్టిగా నవ్వితే ఎందుకు ఉలిక్కిపడతారో, అదీ ఎవరికీ తెలీదు.

పోయిన నెల వచ్చి, మీ ఆయనకి అంతా చెప్పేసేనన్నారు. ఆయన మీ చెయ్యి పట్టుకుని కూర్చున్నారన్నారు. ఆ రోజు మీ మొహం చూసి నాకెంత గర్వమనిపించిందనుకున్నారు. ఇది నా పనితనం అనుకున్నాను.

మా నాన్న తాగడండి.

ఆయ్, సరిగ్గానే విన్నారు. ఎప్పుడూ తాగలేదు. నన్ను కొట్టనూ లేదు.

అలా చూడకండి. కాదు, చూడండి. చూడాలి.

ఈ మచ్చ తెడ్డుదెబ్బ కాదు. చిన్నప్పుడు రేవులో పడవ మీంచి పడవ మీదకి గెంతబోయి జారేను. అంచు తగిలి చీరుకుపోయింది. మా నాన్న నన్ను భుజాన వేసుకుని రోడ్డెక్కేదాకా పరిగెత్తేడు. ముమ్మిడివరం ఆసుపత్రిలో కుట్లేస్తుంటే తల ఒళ్ళో పెట్టుకుని నాకంటే ఎక్కువ ఏడ్చేడు. డాక్టరుగారు "నువ్వు బయటికెళ్ళవయ్యా" అని కసురుకున్నారు. నాకు నొప్పి గుర్తులేదు గానీ ఆ కసురు గుర్తుంది.

మా ఊరు ఐ.పోలవరం పక్కన. అక్కడ ఎవరైనా తాగి పడిపోతే ఇంటికి చేర్చేది మా నాన్నే. పెళ్ళిళ్ళలో "ముసలయ్య ఉన్నాడా" అని ముందే అడిగేవారు. ఆయనుంటే ఎవరూ కాలవలో పడరని ధీమా. అలాంటి మనిషిని నేను తాగుబోతుని చేసేను.

ఎందుకంటారా? పెద్ద కారణం ఉంటే బాగుణ్ణండి.

ఈ లైఫ్ కోచింగ్ నేర్చుకుందామని హైదరాబాదు వెళ్ళినప్పుడు, ఒక్కొక్కళ్ళనీ లేపి మీ జీవితం చెప్పమన్నారు. నేను నాది చెప్పేను. పడవ, రేవు, నన్ను రోజూ అవతలి ఒడ్డున బడికి దింపే నాన్న, సాయంత్రం మళ్ళీ వచ్చి అక్కడే చూస్తూ నిలబడే నాన్న. ఎవరూ వినలేదండి. ముందు వరసలో ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. నేర్పించే ఆయన మంచిగానే అన్నారు, "బాగుంది ప్రసాద్, కానీ మీ గాయం ఎక్కడ?" అని.

గాయం! నాకు లేదండి. మర్నాడు తెచ్చుకున్నాను. మా వీధి చివరింట్లో జరిగిన గొడవలన్నీ తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టేను. చెబుతూ చెబుతూ చెయ్యి దానంతటదే ఈ మచ్చ మీదకి పోయింది. ఫోన్ చూసుకునే ఆయన తలెత్తేడు. అంతే.

అక్కణ్ణుంచి నేను డీపీ సార్‌ని. నాగదుర్గాప్రసాద్ అంటే ఎవరూ పిలవలేరని అదీ కత్తిరించేను. కింద బోర్డు మీద ఏం రాయించేనో చూసే పైకొచ్చి ఉంటారు. "మీలోని అసలు మనిషిని కలుసుకోండి."

పోయిన శుక్రవారం ఓ ఇంజనీరింగు కాలేజీకి పిలిచేరు. గోపీకృష్ణగారని అక్కడి లెక్చరరు, చాలా మంచాయన. ఆయన మంచితనమే కొంప ముంచింది. నా వీడియోలన్నీ చూసేరట. మారిపోయిన ఆ తండ్రిని తీసుకొచ్చి స్టేజెక్కిస్తే పిల్లలకి ఎంత బాగుంటుందో అనుకున్నారట. నాకు చెప్పకుండా కారు పంపించి మా నాన్నని రప్పించేరు. ఆయనకేమో, మీ అబ్బాయి మాట్లాడతాడు, చూద్దురుగాని రండి అన్నారు. అంతే చెప్పేరు.

నా మాటలు ఆయన ఎప్పుడూ వినలేదండి. ఫోన్ బొత్తాలది, అందులో వీడియోలు రావు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేడు. స్టేజీ పక్కన తెర వెనకాల కుర్చీ వేసి కూర్చోబెట్టేరు.

నేను కథంతా చెప్పేను. ఆ రోజు ఇంకా బాగా చెప్పేను కూడా. తెడ్డు ఎత్తిన చెయ్యి, అడ్డమొచ్చిన మా అమ్మ, నేల మీద రక్తం, అన్నీ. చప్పట్లు ఆగేక గోపీకృష్ణగారు మైకు తీసుకుని, "ఆ తండ్రి ఇవాళ మన మధ్యే ఉన్నారు" అన్నారు.

తెర పక్కకి తీసేరండి.

మా నాన్న చెప్పులు విడిచి స్టేజీ మీదకొచ్చేడు. గుడి అనుకున్నాడో ఏమో. చేతికి మైకిచ్చి "ఏమైనా చెప్పండి పెద్దాయనా" అన్నారు. ఆయన నావైపు చూసేడు. కోపం లేదండి ఆ చూపులో. చిన్నప్పుడు రేవులో నేను పుస్తకాలు నీళ్ళలో పడేసుకుంటే చూసేడే, అలా. ఇప్పుడు వీణ్ణి ఎలా గట్టెక్కించడం, అని.

నేనేం చేసేనో చెప్పమంటారా? బయటపెట్టొద్దని కళ్ళతోనే బతిమాలేను.

ఆయన రెండు చేతులూ జోడించి, "ఆయ్. అబ్బాయి చెప్పింది నిజమేనండి. తాగేవాణ్ణి. ఆ దెబ్బ నేనే కొట్టేను" అన్నాడు.

పిల్లలందరూ లేచి నిలబడ్డారు. అంత చప్పుడు నేనెప్పుడూ వినలేదు. అప్పుడైనా మైకు లాక్కుని కాదని చెప్పొచ్చు కదండీ? నేను వెళ్ళి ఆయన్ని కౌగలించుకున్నాను. కెమెరా ఎటుందో చూసుకునే కౌగలించుకున్నాను. కౌగలించుకుని అన్నాను, "నిన్నెప్పుడో క్షమించేసేను నాన్నా" అని.

మా నాన్నని నేను క్షమించేనండి.

మంచినీళ్ళు తాగండి. నాకొద్దు, మీరు తాగండి.

ఇద్దరం కారులో తిరిగొచ్చేం. ఊరి మలుపు దగ్గర ఆయన, డ్రైవరు వింటాడేమోనని గొంతు తగ్గించి, "ఎన్నాళ్ళబట్టి చెబుతున్నావురా ఇది?" అనడిగేడు. మొదట్నుంచీ అన్నాను. తల ఊపేడు. "మీ అమ్మకి తెలీనియ్యకు" అన్నాడు.

తెలీకుండా ఉంటుందా? పక్కింటి పిల్ల ఫోనులో చూపించేసింది. మా అమ్మ దుర్గమ్మ ఆయన్ని నిలబెట్టి అడిగిందట, నువ్వెప్పుడు తాగేవు, నేనెప్పుడు అడ్డమొచ్చేను అని. ఆయన అప్పుడు కూడా అది అబద్ధమని ఒప్పుకోలేదండి. నీకు తెలీకుండా తాగేనన్నాడట. మా అమ్మకి తెలీకుండా! ఆవిడ నమ్మలేదు. నాకు ఫోన్ చేసి ఒకే ఒక్క మాటంది, "నీ నోటికి మీ నాన్నే దొరికేడా" అని. పెట్టేసింది. మళ్ళీ ఎత్తడం లేదు.

ఊళ్ళో అందరికీ తెలుసు కదండీ ఆయన సంగతి. ఇప్పుడు టీకొట్టు దగ్గర "ఏం ముసలయ్యా, ఓ గ్లాసు పొయ్యమంటావా" అంటున్నారట. ఆయన నవ్వేసి, వయసులో ఉన్నప్పుడు తాగేన్లేవయ్యా, మీకు తెలీదు అంటున్నాడట. జన్మలో అబద్ధమాడని మనిషి. నాకోసం ఇంటింటికీ ఒక అబద్ధం పంచుకుంటూ తిరుగుతున్నాడు.

నిన్న పొద్దున్న వెళ్ళేను. పడవ మానేసేక రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటున్నాడు. గట్టు మీద కూర్చుని మేత బస్తా విప్పుతున్నాడు. నాన్నా, నిజం చెప్పేస్తాను, వీడియో పెట్టి అందరికీ క్షమాపణ చెబుతాను అన్నాను. దారంతా అనుకుంటూ వెళ్ళేను, ఆ మాట.

ఆయన బస్తా దారం లాగుతూనే, "ఇప్పుడు చెబితే నేనేమైపోతానురా? అంతమంది పిల్లల ముందు దొంగమాట చెప్పిన ముసలోణ్ణయిపోతాను. ఊరుకో" అన్నాడు.

అది ఆయన కోసం అన్న మాట కాదని నాకు తెలుసండి. నన్ను తప్పించడానికే. ఆ మాట వినగానే, కృపావతిగారూ, నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంత తేలికైపోయేనో. చెప్పక్కర్లేదు. నాన్నే వద్దన్నాడు. గట్టు మీద గాలి కూడా బాగుందనిపించింది. ఆయన పెట్టిన చద్దన్నం తిని మరీ వచ్చేను.

మీరేం అడగబోతున్నారో తెలుసు. "మరి నేను మీ దగ్గర చెప్పుకున్నదంతా ఏంటి, అదీ ఉత్తదేనా" అని.

కాదండి. ఆ ఒక్కటీ నమ్మండి. మీ నాన్నగారి సంగతి మొత్తం చెప్పిన రోజు నేనేం చేసేను? ఊరుకున్నాను. సలహా ఇవ్వలేదు, కథ చెప్పలేదు. నిజానికి ఏమనాలో తెలీక ఊరుకున్నాను. మీరే మాట్లాడుకుంటూ, ఏడుస్తూ, మధ్యలో ఆగి, "నేను ఆయన్ని ప్రేమించేను కదా" అన్నారు. ఆ మాట మీలోంచే వచ్చింది. మనిషికి కావలసింది ఎదురుగా ఒకడు కదలకుండా కూర్చోవడమే. అడగాల్సింది అడిగి, తన సంగతి మధ్యలో పెట్టకుండా. ఈ పనిలో నేను సరిగ్గా చేసింది ఆ ఒక్క సాయంత్రమేనేమో.

చూసేరా, మళ్ళీ పాఠం మొదలెట్టేను. అలవాటైపోయింది.

కాకినాడలో ఇదే పని చేసే ఒకావిడ ఉన్నారు, విజయకుమారిగారని. తక్కువ మాట్లాడతారు. మీకు ఆవిడే సరి. నా దగ్గరికి మాత్రం ఇంక రాకండి.

లేస్తున్నారా? ఒక్క నిమిషం. ఇదొక్కటీ విని వెళ్ళండి, లేకపోతే నేను బాగుపడ్డాననుకుంటారు. చెప్పుకుని ఏడ్చేడు, పాపం మారేడు అనుకుంటారు. ఇందాక నేనూ అలాగే అనుకున్నాను.

వచ్చే నెల రాజమండ్రిలో పెద్ద సభ. వాళ్ళు ఇవాళ బ్యానరు పంపించేరు. నాన్నదీ నాదీ బొమ్మలు పక్కపక్కన వేసి, కింద "క్షమించిన కొడుకు" అని రాసేరు. బాగుందా సార్, ప్రింటుకి ఇచ్చేయమంటారా అని అడిగేరు.

మీరు మెట్లెక్కుతున్న చప్పుడు వింటూనే, బాగుంది ఇచ్చేయండి అన్నానండి.