ఖాళీగా కూర్చున్న గంటలు

కాఫీ వద్దండీ కేశవరావుగారూ. తోట నుంచి అల్ఫారెట్టాలో మీ ఇంటిదాకా నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చింది కాఫీకి కాదు. ముందు ఈ కాగితం చూడండి. లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు పంపారు. నా బ్లూబెర్రీ తోట మీద ఎవరో కంప్లయింట్ ఇచ్చారట. మంగళవారం ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు.

చదివారా? రెండో పేరా మళ్లీ చదవండి. ఏప్రిల్ ముప్పై, సోమవారం, కూలీలందర్నీ పని చెప్పకుండా గట్టున కూర్చోబెట్టాడు, ఆ టైమ్‌కి జీతం ఇవ్వలేదు, అని. ఎప్పటి నుంచి ఎప్పటిదాకా? ఎనిమిదీ ఇరవై మూడు నుంచి పదీ నాలుగు దాకా. నిమిషాలతో సహా రాశారు.

ఆ నిమిషాలు ఎవరివండీ? మొదటి కోత రాహుకాలంలో పెట్టకూడదని మీకు ఫోన్ చేసింది నేను. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిదే కదా అన్నాను. కాదు ప్రసాదూ, అది ఇండియా లెక్క, ఇక్కడి సూర్యోదయాన్ని బట్టి చూడాలి అని ఈ నిమిషాలు చెప్పింది మీరు. మెక్సికో నుంచి వచ్చినవాళ్లకి మన పంచాంగం ఎలా తెలుస్తుంది?

వాచీ చూసుకుని ఉంటారా? ఉంటారేమో. నాకూ ఆ మాట తోచింది. మేస్త్రీ రమీరోని అడిగాను. తన బూట్ల వంక చూస్తూ నాకేం తెలీదన్నాడు. మా నాగమల్లేశ్వరినీ అడిగాను. పాపం వాళ్లని అంతసేపు కూర్చోబెట్టారేంటి అని ఆ రోజు పులిహోర కలిపి తీసుకెళ్లి పెట్టింది కదా. కట్టుకున్న పెళ్లాన్ని అనుమానిస్తారా అని రెండు రోజులుగా నాతో మాటల్లేవు. ఇక మిగిలింది మీరే.

ఒక్క ఆ సోమవారమైతే ఏదో సర్దుకునేవాణ్ణి. మీకు తెలియనిదేముంది, నా పేరోల్ చేసేది మీరేగా. మామూలు కూలికి ఏడుంపావు డాలర్లు సరిపోతుంది. వీసా మీద తెచ్చుకున్నవాడికి గంటకి తొమ్మిది చిల్లర పడాలి. బకెట్ల లెక్కన ఇచ్చినా సరే, వాడు తోటలో ఉన్న గంటలతో భాగిస్తే ఆ రేటు రావాలి, రాకపోతే తక్కువైంది నేను వేసివ్వాలి. అందుకే మీకు గంటలు తగ్గించి పంపేవాణ్ణి.

అబద్ధం రాయలేదండీ. మంచు ఆరందే కాయ ముట్టకూడదు, తడి మీద కోస్తే రెండ్రోజుల్లో బూజు పడుతుంది. వ్యాన్ ఒకటే కాబట్టి ఆరింటికే తెచ్చి దింపేస్తాను. రోజూ రెండు గంటలు గట్టు మీద కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారు. ఆ రెండు గంటలూ రాయను. ఖాళీగా కూర్చున్నందుకు జీతమేంటి?

అలా చూస్తారేం? అది మీ మాటేగా. ఎడిసన్‌లో మీ కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లో, ఎనిమిది మందిమి నాలుగు నెలలు బెంచ్ మీద ఉంటే, ప్రాజెక్ట్ వచ్చేదాకా ఖాళీగా కూర్చున్నందుకు జీతమేంటి అన్నది మీరే. వంటకి బియ్యం మాత్రం పంపించారు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, బియ్యానికి లోటు చెయ్యలేదు.

ఈ కేసు నిలబడితే మూడేళ్లు ఒక్కణ్ణి కూడా వీసా మీద తెచ్చుకోనివ్వరట. కోసేవాడు లేకపోతే కాయంతా నేలపాలే. తోట కోసం ఇల్లు తాకట్టు పెట్టాను, అదీ పోతుంది. మంగళవారం ఇన్‌స్పెక్టర్ పేరోల్ మీద మీ సంతకం చూసి మీకు ఫోన్ చేస్తాడు. ఈ గంటలు ఎక్కణ్ణించి వచ్చాయి అని అడుగుతాడు. మీరేం చెబుతారో దాని మీదే ఉంది నా బతుకు. అందుకే ఇంత దూరం వచ్చాను. మీరు నా వైపా, కాదా?

నా మీద కంప్లయింట్ ఇవ్వాల్సిన అవసరం మీకేముందంటారా?

ఉందిగా. పదేళ్లుగా మనసులో పెట్టుకున్నారు. తోట కొన్నప్పుడు పేపర్లన్నీ నేను చూస్తా ప్రసాదూ అని మీరంతట మీరే వస్తే, అప్పుడే అనుకున్నాను, ఈయనకి తెలిసిపోయింది, టైమ్ కోసం చూస్తున్నాడు అని. లేకపోతే ఫీజు తీసుకోకుండా ఎవరు చేస్తారు?

ఏం తెలిసిందంటారేంటి? రెండువేల రెండులో మీ కన్సల్టెన్సీ మీద లేబర్ వాళ్లు వచ్చి పడ్డారు కదా. మీరు మాతోపాటు బెంచ్ మీద ఉన్న శశికాంత్‌ని అనుమానించారు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టాడని అందరి ముందూ తిట్టి గెంటేశారు. వాడి వీసా పోయింది, ఇండియా వెళ్లిపోయాడు. వాడు కాదండీ. రైల్వే స్టేషన్‌లో పేఫోన్ నుంచి లేబర్ వాళ్లకి ఫోన్ చేసింది నేను. శశికాంత్ సూట్‌కేసు కిందికి మోసిందీ నేనే.

ఏంటండీ ఆ మొహం?

మీకు తెలీదా?

ఇన్నాళ్లూ ఉత్త అభిమానంతోనే నా పని చేశారా?

సరే. అయిపోయింది. నోరు జారాక ఇంకేముంది. ఆ కాఫీ ఏదో ఇవ్వండి, తాగి వెళ్తాను. మంగళవారం వాడు ఫోన్ చేస్తాడు. ఏం చెబుతారో ఇక మీ ఇష్టం.