చెరువు దాటిన బంతి

మీరే చెప్పండర్రా, ఆటకి దిగిన మనిషి ఎక్కడ నిలబడి మొదటి దెబ్బ కొట్టాలో ఎవరు చెప్పాలి? ఆడేవాడా, ఆడించేవాళ్ళా?

తొందరలేదు, ఆలోచించి చెప్పండి. చిన్నోడా, నువ్వు చెయ్యెత్తకుండానే చెప్పేశావు. ఎవరిష్టం వాళ్ళదంటావు. పెద్దదానా, నువ్వేమో రూలు ఉండాలంటావు, లేకపోతే గొడవలైపోతాయంటావు. ఇద్దరికీ సగం సగం మార్కులు.

నేను బడిలో పనిచేసినన్నాళ్ళూ పొట్టివాళ్ళని ముందు బెంచీల్లో, పొడుగువాళ్ళని వెనక బెంచీల్లో కూర్చోబెట్టాను. నీకెక్కడ కూర్చోవాలనుందిరా అని ఒక్కణ్ణీ అడగలేదు. అడగాలని తోచనైనా లేదు.

సరే, మీరడిగింది ఇది కాదులే. తాతయ్య మధ్యాహ్నం నుంచి తలుపు దగ్గరగా వేసుకుని ఎందుకు కూర్చున్నారని, మీతో పేకాటకి ఎందుకు రాలేదని కదూ? దానికే వస్తున్నాను. మీ నాయనమ్మకి సూటిగా చెప్పడం చేతకాదని మీ అమ్మ అంటూ ఉంటుంది. నిజమే. ఏదైనా మొదట్నుంచీ ఎత్తుకుంటేగాని నాకు నోరు పెగలదు. ఇవాళ మరీ పెగలడం లేదు.

గోల్ఫు సంగతి మీకు తెలుసు కదా. తాతయ్య మిల్లులో రంగుల విభాగం చూసేవారు. ఆ మిల్లువాళ్ళ మైదానం అది. పనివాళ్ళ కుటుంబాలన్నిటికీ సభ్యత్వం ఇచ్చారు కాబట్టి మనలాంటివాళ్ళం కూడా ఆడుతున్నాం. లేకపోతే ఆ కర్రల ఖరీదుకి మనమెక్కడ?

బంతిని చివరికి వెయ్యాల్సిన ప్రతి గుంతకీ, ఆట మొదలుపెట్టే చోటు ఒకటి ఉంటుంది. దాన్నే టీ అంటారు. పొడుగాటి గడ్డిపట్టీ. దానిమీద మూడు రంగుల గుర్తులు పెడతారు. గుర్తులంటే ఏం లేదు, మేకు దిగేసిన చెక్క ఉండలు. రంగుకి రెండు. అన్నిటికంటే వెనక నీలం, మధ్యలో తెలుపు, బాగా ముందుకి ఎరుపు. నీలం నుంచి కొడితే బంతి చాలా దూరం పోవాలి. ఎరుపు నుంచి తక్కువ.

ఎర్రవి ఆడవాళ్ళవని అందరూ అంటారు. ఎక్కడా రాసిలేదు. నేను రూల్సు పుస్తకం మొత్తం తిరగేశాను. రాసిలేని రూల్సే మనుషులు గట్టిగా పాటిస్తారు.

నేను ఎర్రవాటి నుంచి ఆడతాను. తాతయ్య మొదట్నుంచీ నీలమే. ఆయనా గార్డుగారూ. అదే, రైల్లో గార్డుగా చేసి దిగిపోయారే, ఆయన. కంట్లో పొర కమ్మింది, ఆపరేషనంటే భయం. తను కొట్టిన బంతి ఎటుపోయిందో మీ తాతయ్య చెప్తేగాని తెలీదు. చెప్పాక, నేననుకున్నది అటేనండీ అంటారు.

నవ్వండి, ఫరవాలేదు. నేనూ నవ్వేదాన్నే.

ఆ మైదానంలో ఓ చోట చెరువు అడ్డం వస్తుంది. బంతి దాని మీదుగా అవతలి గట్టుకి ఎగరాలి. ఏడాదిగా తాతయ్య బంతి నీలం గుర్తుల నుంచి ఆ చెరువు దాటడం లేదు. ప్రతిసారీ బుడుంగుమంటుంది. నిరుడు గాలి అన్నారు. తర్వాత కర్ర పాతబడిందన్నారు. ఆ తర్వాత సాకులు చెప్పడం మానేశారు. బంతి మునిగిన చోటుకేసి కాసేపు చూసి, జేబులోంచి ఇంకోటి తీసేవారు.

నేను పక్కన నిలబడి చూసేదాన్ని. చూడలేకపోయాను.

పోయిన ఆదివారం తాతయ్యతోనూ గార్డుగారితోనూ, మోకాలు పట్టేసింది, మీరిద్దరూ మొదటి గుంతలు ఆడుకుంటూ రండి, నేను తిన్నగా చెరువు దగ్గరికి పోయి కూర్చుంటానని చెప్పాను. మోకాలికేం కాలేదు. పొద్దున్నే, మంచు ఇంకా విడలేదు. మైదానంలో ఇంకెవరూ లేరు. ఆ నీలం ఉండలు రెండూ పీకి, తీసుకెళ్ళి తెల్లవాటికి కాస్త వెనగ్గా గుచ్చాను.

ఏంటి? దొరికిపోనా? అక్కడే ఉందమ్మా కిటుకు. గడ్డి ఒకేచోట అరిగిపోకూడదని మైదానం చూసుకునే మనిషి రోజూ పొద్దున ఆ గుర్తుల్ని కాస్త ముందుకో వెనక్కో జరుపుతూ ఉంటాడు. నిన్నున్న చోట ఇవాళ ఉండవు. కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అతను జరిపేది ఓ రెండు మూడడుగులు. నేను జరిపింది ఇక్కణ్ణుంచి వీధి మలుపంత.

ఆయన వచ్చారు. వెనక్కి తిరిగి చూడనేలేదు. ఆయన కళ్ళు రెండూ చెరువు మీదే. కొట్టారు.

దాటింది.

ఎలా చెప్పను మీకు... ఆయన ఎగరలేదు, అరవలేదు. కర్ర ఆనించుకుని అలాగే నిలబడిపోయారు. తర్వాత నాకేసి తిరిగి, చిన్నప్పుడు మీ నాన్న తొలిసారి సైకిలు తొక్కి చూపించినప్పటి ముఖం పెట్టారు. గార్డుగారి బంతి కూడా దాటింది. అదంతా తన కొత్త టోపీ మహిమ అన్నారు ఆయన.

వాళ్ళు ముందుకి నడిచాక, మంచినీళ్ళ సీసా మర్చిపోయానని వెనక్కి వచ్చి గుర్తులు మళ్ళీ పాత కన్నాల్లోనే గుచ్చేశాను. ఒకరికి సంతోషం, ఇంకొకరికి నష్టం లేదు. తప్పేముందనుకున్నాను. మరి ఆ రోజు అక్కడితో ఆగి ఉంటే తప్పుండేది కాదేమో. ఆగదు కదా.

బుధవారం క్లబ్బులో మీటింగు. పళ్ళ డాక్టరుగారు ఓ ప్రతిపాదన తెచ్చారు. ఎవరు ఏ రంగు గుర్తుల నుంచి ఆడాలో ఇకమీదట కమిటీ చెప్పాలని. వయసు చూసి, బంతి ఎంత దూరం పోతోందో చూసి. ఆయన చెడ్డవాడేం కాదు. వెనక వచ్చేవాళ్ళు గంటలకొద్దీ ఆగాల్సి వస్తోంది, పెద్దవాళ్ళకి కూడా ఇబ్బంది, ముందు నుంచి ఆడితే వాళ్ళకే హాయి అన్నారు. ఆయన మాటల్లో న్యాయముంది. నేను తలూపబోయాను కూడా.

అప్పుడు మీ తాతయ్య లేచారు.

మనిషి ఎక్కడ నిలబడాలో ఇంకొకళ్ళు గీత గియ్యడమేమిటన్నారు. చేతనైనవాడు వెనక నుంచి ఆడతాడు, చేతకానివాడు వాడంతట వాడే ముందుకొస్తాడు, అది వాడికి వదిలెయ్యాలి గాని మెడపట్టి నెట్టకూడదన్నారు. బాగా మాట్లాడారర్రా. ఆయన అన్నదే సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను నేను. గీత గీసేవాళ్ళకి అవతలివాడి కాలు కనిపిస్తుంది గాని మనసు కనపడదు.

అంతటితో కూర్చుంటే సరిపోయేది. "మొన్న ఆదివారం నేను నీలం నుంచి చెరువు దాటించాను. నమ్మకపోతే మా ఆవిణ్ణి అడగండి," అన్నారు.

హాలంతా నాకేసి తిరిగింది. కుర్చీలు కిర్రుమనడం వినిపించింది. వెనకనుంచి ఎవరో, టీచరుగారు చెప్తే ఇంకేం, ఆవిడ అబద్ధమాడరు కదా అన్నారు. ఆ హాల్లో సగంమందికి నేను ఎక్కాలు నేర్పాను. అబద్ధమాడితే గోడకుర్చీ వేయించాను.

తలూపాను.

నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. తల ఊపానంతే. మాట కంటే తల తక్కువ అబద్ధమనుకున్నాను కాబోలు.

చేతులు లేచాయి. ఎవరిష్టం వాళ్ళదని తేలిపోయింది. పళ్ళ డాక్టరుగారే వచ్చి మీ తాతయ్య చెయ్యి పట్టుకుని, మిమ్మల్ని తక్కువ అంచనా వేశాను, ఏమీ అనుకోకండి అన్నారు. ఇంటికొచ్చేదాకా దారిపొడుగునా ఈలేస్తూనే ఉన్నారు మీ తాతయ్య.

ఇవాళ పొద్దున ఆట. చెరువు దగ్గరికి ఈయన బంతి చూద్దామని చాలామంది వచ్చారు. గుర్తులు ఉండాల్సిన చోటే ఉన్నాయి. నేను ముందుగా పోవడానికి లేదు. పోయే ధైర్యమూ లేదు. కర్ర ఎత్తబోతుంటే, ఏమండీ, ఇవాళ తెల్లవాటి నుంచి కొట్టరాదూ అన్నాను. ఎందుకోయ్ టీచరమ్మా, సాక్షివి నువ్వే కదా అని నవ్వారు.

మొదటిది మునిగింది. గొంతు సవరించుకుని ఇంకోటి కొట్టారు. అదీ మునిగింది. మూడోది గాల్లోకి కూడా లేవలేదు, గడ్డిమీద దొర్లుకుంటూ పోయి నీళ్ళలోకి జారింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. పళ్ళ డాక్టరుగారు చేతిగడియారంకేసి చూడకుండా ఉండటానికి ఆకాశంకేసి చూస్తున్నారు. గార్డుగారు మాత్రం, దాటిందా అండీ, దాటిందా అని అడుగుతున్నారు పాపం.

తాతయ్య కర్ర సంచిలో పెట్టేసి ఇంటికి నడిచారు. వెనకాలే నేను. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నారు. వేళ్ళు మూశారు, తెరిచారు. అప్పుడన్నారు, "వారం రోజుల్లో మనిషి ఇంత పడిపోతాడుటోయ్?"

ఏం చెప్పను నేను? మీరే చెప్పండి.

నరాల జబ్బేదో మొదలైందనుకుంటున్నారు. ఆయన అన్నయ్యకి అలాగే వచ్చిందిట, మొదట చెయ్యి, తర్వాత కాలు. రేపు పొద్దునకి ఆసుపత్రికి ఫోన్ చేసి టైము తీసుకున్నారు. అందుకే ఆ గదిలో కూర్చున్నారు. పేకాటలో ముక్కలు పడేస్తే మీ ముందు బయటపడిపోతుందని భయం.

చెప్పెయ్యొచ్చు కదా అంటావు. అవును, పెద్దదానా. చెప్తే జబ్బు లేదని తెలుస్తుంది. ఆ ఆదివారం గెలుపు కూడా లేదని తెలుస్తుంది. ఊరందరిముందు నేను అబద్ధానికి తల ఊపానని తెలుస్తుంది. అందుకని మధ్యాహ్నం నుంచి ఆ గుమ్మం దాకా వెళ్ళడం, తిరిగి రావడం.

అది కాదు. అదొక్కటే కాదు. ఇంకా ఉంది, చెప్పేస్తాను, వినండి.

ఆయన మీద జాలితో ఆ గుర్తులు జరిపానని ఇంతసేపూ మీకు చెప్పుకొచ్చాను. నాకు నేనూ అదే చెప్పుకున్నాను. నిరుడు చలికాలం వెళ్ళే ముందు ఓ రోజు, ఆయన మెట్టుమీద కూర్చుని బూట్లు కట్టుకుంటూ, మామూలుగా, తల ఎత్తకుండా అడిగారు. "ఏమోయ్, ఇకనుంచి నేనూ ఎర్రవాటి నుంచే ఆడనా? ఇద్దరం కలిసి కబుర్లు చెప్పుకుంటూ పోవచ్చు," అని.

ఆయనంతట ఆయనే. ఎవరూ చెప్పకుండా. మీటింగులో ఆయనన్న మాట అదే కదా, మనిషి తనంతట తానే ముందుకొస్తాడని? వచ్చారు.

నేను నవ్వాను.

చాల్లెండి, ఆడంగుల పక్కన నిలబడి ఆడతారా, నలుగురూ ఏమనుకుంటారు అన్నాను. క్లబ్బు వరండాలో మేం ఆడవాళ్ళమంతా కూర్చున్నప్పుడు ఎవరి ఆయన ఏ రంగు నుంచి ఆడతారో అందరికీ తెలుసు. మా ఆయన ఈ వయసులోనూ నీలమే అని నేను చెప్పుకునేదాన్ని. అడక్కపోయినా చెప్పుకునేదాన్ని. ఆ ఒక్క మాట పోతుందని నవ్వాను.

ఆయన కూడా నవ్వేశారు. బూటు ముడి బిగించుకుని లేచి, నీలంవాటి దగ్గరికే వెళ్ళారు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ తర్వాతే అన్ని బంతులూ మునగడం.

పళ్ళ డాక్టరుగారు గీత గీద్దామన్నారంటే, కనీసం అందరిముందూ అన్నారు, చేతులెత్తమన్నారు. నేను ఇంట్లో మెట్టుమీద గీసేశాను. ఎవరిష్టం వాళ్ళదని కాగితం మీద ఎంత రాసుకుంటే ఏం లాభం, ఇష్టపడి ముందుకొచ్చిన మనిషిని చూసి పక్కనున్నవాళ్ళు నవ్వితే? అది నేను నవ్వాను. ఇంకెవరో కాదు.

ఏడవకు చిన్నోడా. తాతయ్యకి జబ్బేం లేదు. చేతిలో బలం కాస్త తగ్గింది, అందరికీ తగ్గినట్టే.

మీకు చెప్పడం సులువే. మీరు నా ముఖంకేసి చూడటం లేదు, ఇద్దరూ నేలకేసి చూస్తున్నారు.

సరే, లేవండి. పొద్దున నానబెట్టిన పెద్ద దుప్పటి ఇంకా బకెట్లోనే ఉంది. ఉతికాను గాని పిండలేదు. అది ఒక్కరివల్ల అయ్యేది కాదు. ఓ కొస నేను పట్టుకుంటే రెండో కొస మీ తాతయ్య పట్టుకోవాలి. ఆయన ఇటు తిప్పితే నేను అటు తిప్పాలి. ఏమండీ, దుప్పటి పిండాలి రండి అంటాను. వస్తారు. ఈ పనికి ఏనాడూ రానన్లేదు.

నీళ్ళన్నీ కారిపోయేదాకా ఎదురెదురుగా నిలబడాలి. చేతులు రెండూ దుప్పటికే ఉంటాయి కాబట్టి, ముఖం కప్పుకోవడానికి నాకు వీలుండదు.

మీరు కాసేపు పెరట్లోకి రాకండి.