నల్ల రిబ్బను

నవంబరు పద్దెనిమిది, లాత్వియా స్వాతంత్ర్య దినం. రీగా శివారులో ఒక ముసలావిడ గుమ్మానికి జెండా పెట్టింది. పక్కింటి అమ్మాయి చూసి ఆగింది.

"పిన్నిగారూ, ఇవాళ పండగ! జెండాకి ఆ నల్ల రిబ్బనేంటి?"

"తెలుసులేవే, నాకు చెప్పొచ్చావు."

"సంతాపం రోజుల్లో కదా అది కట్టేది! మర్చిపోయారేమో, ఉండండి, నేను విప్పేస్తాను."

"ముట్టుకోకు!"

"అయ్యో, అంత కోపమెందుకు?"

"అప్పట్లో సోవియట్ వాళ్లు సైబీరియాకి ఈడ్చుకెళ్లిన మనవాళ్ల కోసం జూన్‌లో మీ బాబాయిగారు కట్టారు. ఏటా ఆయనే కట్టి, ఆయనే విప్పేవారు. ఈసారి విప్పకుండానే పోయారు. పొద్దుట్నుంచి మూడుసార్లు పట్టుకున్నాను. ఆయన వేసిన ముడి విప్పడానికి చేతులు రావట్లేదే."

"...ఇప్పుడే వస్తాను పిన్నిగారూ."

"ఎక్కడికే?"

"రిబ్బను తేవడానికి. మా జెండాకీ కడతాను. మీదొక్కటే ఉంటే చూసేవాళ్లు పొరపాటనుకుంటారు."