వాల్ట్ కాలికి నేను కట్టిన కట్టు

పెద్ద గొప్పేం కాదు గానీ, ఆ ఫైనల్ నాడు వాల్ట్ జుపాన్ కాలికి కట్టు కట్టినవాణ్ణి నేనే. మా ఊరు డులూత్‌లో ఈ సంగతి తెలియనివాడంటూ ఉంటే వాడు నిన్న బస్సు దిగినవాడు.

"రేపు ఆ కాలే తీసేస్తున్నారట తాతా," అంది హోటల్లో పనిచేసే వెర్నా, నా కప్పులో కాఫీ పోస్తూ. "మిమ్మల్ని చూడాలని మూడుసార్లు కబురంపాడు. వెళ్తారా, వెళ్లరా?"

వెళ్తానమ్మా, ముందిది విను. వాల్ట్ మా బాస్కెట్‌బాల్ జట్టుకి సెంటరు, నేను ఆటగాళ్లకి కట్లు కట్టేవాణ్ణి. ఆరడుగుల పదంగుళాల మనిషి. వరసగా మూడేళ్లు ఛాంపియన్‌షిప్ మా ఊరు దాటలేదంటే అతని చలవే. నాలుగో ఏడు ఫైనల్లో, సగం ఆటకి, గెంతి దిగుతుంటే చీలమండ మడతపడింది. మోసుకొచ్చి నా బల్ల మీద పడుకోబెట్టారు. టేపు తీశాను, ఇరవై గజాలు. చాల్లేదు. రెండొందల గజాలు చుట్టాను. అదీ చాలక రేవులో ఓడల్ని కట్టే మోకులు తెప్పించాను.

"నలభై ఏళ్లు ఆ రేవులోనే చేశాను," అన్నాడు పక్కనున్న ఈనో. "మోకులు పోయినట్టు ఎవరూ అనలేదే."

నీకు చెప్పి తేవాలా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాల్ట్ లేచి నిలబడితే పైకప్పు దూలాలు పక్కకి తప్పుకున్నాయి. ఒక్క గెంతు గెంతి బంతి బుట్టలో వేసి కిందికి దిగేలోపు రిఫరీ ఒక కాఫీ తాగి రెండోది తెమ్మన్నాడు. హాకీ ఆడే మంచు మీద చెక్కలు పరిచిన కోర్టు కదా, ఆ అదురుకి మంచు పగిలి చేపలు పైకొచ్చాయి.

"హాకీ మంచులో చేపలా?"

మన ఊరి సరస్సులోంచి ఆట చూడ్డానికొచ్చాయి వెర్నా. ఇక స్కోరు సమానంగా ఉండగా, చివరి పదకొండు నిమిషాలూ అవతలివాళ్లు బంతి పట్టుకుని ఊరికే నిలబడ్డారు. ఇన్ని సెకన్లలో వెయ్యాలన్న గడియారం అప్పట్లో లేదు, వాల్ట్‌కి బంతి దక్కకుండా అందరూ చేసే పనే అది. జనం పేపర్లు తీసి చదువుకున్నారు. పదకొండు నిమిషాలేమిటి, పదకొండు గంటలు. మావాడు ఆ కాలి మీదే నవ్వుతూ నిలబడ్డాడు.

"నవ్వలేదు," అన్నాడు ఈనో. "నేను మీ బెంచీ వెనకే కూర్చున్నా ఆస్కార్. ఏడుస్తున్నాడు. నీకేసి చూసి చెయ్యెత్తాడు. నువ్వు తల దించుకున్నావు."

నేను చెంచాతో కాఫీ తిప్పాను. చక్కెర వెయ్యలేదని తర్వాత తెలిసింది.

"విరిగిందా, బెణికిందా అని కోచ్ అడిగాడు," అన్నాను. "బెణికిందన్నాను."

"తెలీక అన్నావా?"

"నా వేళ్ల కింద ఎముక కదిలింది ఈనో. తెలిసే అన్నాను. తీసి కూర్చోబెడితే ఓడిపోయేవాళ్లం."

"ఈ సంగతి ఆయనకి తెలుసా?" అంది వెర్నా.

"తెలీదు. నా కట్టు వల్లే ఆడగలిగానని ప్రతి క్రిస్మస్‌కీ కార్డు రాస్తాడు. కాలు పోయేలోగా ఆ మాట నోటితో చెప్పాలని పిలుస్తున్నాడు."

ఈనో లేచి నా కోటు తెచ్చి పక్క కుర్చీ మీద పెట్టాడు. ఆసుపత్రి నాలుగు వీధుల అవతలే. రోగుల్ని చూడ్డానికి నాలుగింటి దాకా రానిస్తారు.

నాలుగున్నరకి వెర్నా, కుర్చీ మీదే ఉన్న ఆ కోటు తీసుకెళ్లి మళ్లీ కొక్కేనికి తగిలించింది.